పాత తుపాకులు – మన చరిత్ర

సాంస్కృతికోత్సవ సంచికలో తుపాకుల గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. పాటలు, పద్యాలు, పిండివంటల నడుమ దీనికి చోటెక్కడిదని అడుగవచ్చును. కాని అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలలో కూడా పాత తుపాకులు కొనేవారు, అమ్మేవారు, ఆదివారం నాడు షూటింగ్ రేంజికి తీసుకొనిపోయి గురి చూసి ఆనందించేవారు ఉన్నారు. మనలో కొందరి పెద్దలు నాటాలు, ఫిజీ, మారిషస్, మలయాల మీదుగా వచ్చారు. కొందరి పెద్దలు తిన్నగా ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుండి వచ్చారు. ఏ దారిన వచ్చినా, ఇక్కడి వేడుకలు మనకూ అలవాటయ్యాయి.

మేము పరదేశంలో పుట్టిన మూడో తరం వాళ్ళం. తెలుగు అక్షరాలు సాయంత్రపు తరగతులలో దిద్దుకున్నాము. పగలు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి జీవించాము. బడిపంతుళ్ళకు పాత వస్తువు ఏది కనబడినా, దాని మీద ఏమి వ్రాసి ఉన్నదో చదవాలని బుద్ధి పుడుతుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది కూడా అదే. పాత తుపాకి మీద ఉండే ముద్రలు ఒక చరిత్ర. తుపాకి ఎవరి చేతిలో ఉండవచ్చు, ఎవరి చేతిలో ఉండరాదు అన్న తగవు ఆ చరిత్రలో ఉన్నది. ఆ తగవులో మన పూర్వులు కూడా ఉన్నారు.

మాట వెనుక మనిషి

'తుపాకి' అచ్చ తెలుగు మాట కాదు. తురుష్క, పారశీక భాషల నుండి దక్కను మీదుగా మన నోటికి వచ్చి స్థిరపడినది. మనం పరాయి మాటను తెచ్చుకున్నట్లే, పరాయివారు మన పేరును తీసుకొనిపోయారు. తూర్పు ఇండియా కంపెనీ వారు మొదట మద్రాసు వైపున సిపాయి పటాలాలు కట్టారు. 1756-57లో క్లైవు బెంగాలుకు పోయినప్పుడు మద్రాసు సిపాయిలు వెంట ఉన్నారు. ఎర్రకోటు తొడిగి, చెకుముకి తుపాకి పట్టి, వరుసగా నడిచే ఆ సిపాయిని ఉత్తరాది జనం 'తిలంగా' అని పిలిచారు. తెలుగుదేశపు వాడని దాని అర్థం. తరువాత ఆ పటాలాలలో అవధ్ వారు, బీహారు వారు నిండినా పేరు మారలేదు. 1857లో ఢిల్లీ వీధులలో తిరిగిన సిపాయిలను కూడా నగరవాసులు తిలంగాలనే అన్నారు.

2003లో నేపాలు రాజుల పాత ఆయుధాగారంలోని తుపాకులను కొని అమెరికాకు తెచ్చిన వర్తకులు ఉన్నారు. వేలకు వేలుగా వచ్చిన ఆ సరుకులో కంపెనీ కాలపు చెకుముకి తుపాకులు కూడా ఉన్నవి. అటువంటి తుపాకి ఒకటి కొని గోడకు తగిలించుకున్న అమెరికను పెద్దమనిషికి తిలంగా కథ తెలియకపోవచ్చును. మన పిల్లలకు తెలిసి ఉండాలి.

సంతకు వచ్చిన ఆయుధాలు

యుద్ధం ముగిసిన తరువాత తుపాకులు ఏమవుతాయి? ఈ దేశంలో అవి అంగడికి వస్తాయి. 1865లో అంతర్యుద్ధం ముగిసిన నాటి నుండి ఈ వ్యాపారం పెద్దదయింది. న్యూయార్కులో ఫ్రాన్సిస్ బేనర్‌మన్ అనే వర్తకుడు సైన్యం వేలం వేసిన సరుకు కొని, లావుపాటి కేటలాగు అచ్చువేసి, టపా ద్వారా అమ్మేవాడు. 1898 స్పెయిను యుద్ధంలో పట్టుబడిన సామగ్రిలో చాలా భాగం అతనే కొన్నాడు. అంత మందుగుండును నగరంలో ఉంచుకోవటానికి వీలులేక 1900లో హడ్సన్ నదిలో పోలెపెల్ అనే దీవిని కొని, అక్కడ కోటవంటి గిడ్డంగులు కట్టించాడు. నది ఒడ్డున రైలులో పోయేవారికి ఆ శిథిలాలు కనబడతాయి.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వంతు శామ్యూల్ కమింగ్స్‌ది. 1953లో అతడు స్థాపించిన సంస్థ యూరపు, ఆసియా, దక్షిణ అమెరికా దేశాల పాత సైనిక తుపాకులను తెచ్చి, వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో పొటోమాక్ నది ఒడ్డున గిడ్డంగులు నింపింది. ఆ రోజులలో మంచి రైఫిలు 20, 30 డాలర్లకు దొరికేది. పత్రికలో కూపను కత్తిరించి డబ్బు పంపితే ఇంటికి వచ్చేది. పేద రైతులు, కార్మికులు కూడా అట్లా కొని, కర్ర కోసి, లేళ్ళ వేటకు వాడుకున్నారు.

ఆ సుళువు దారికి తెర పడిన సంగతి అందరూ ఎరిగినదే. 1963 మార్చిలో లీ హార్వే ఆస్వాల్డ్ దొంగ పేరుతో చికాగోలోని ఒక దుకాణం నుండి పాత ఇటలీ రైఫిలును టపాలో తెప్పించుకున్నాడు. దూరదర్శినితో కలిపి దాని వెల 19 డాలర్ల 95 సెంట్లు. నవంబరు 22న డల్లాసులో అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురయ్యారు. 1968లో మార్టిన్ లూథర్ కింగును, రాబర్టు కెనెడీని కూడా తుపాకి బలిగొన్నది. ఆ సంవత్సరం అక్టోబరు 22న అధ్యక్షుడు జాన్సన్ తుపాకుల నియంత్రణ చట్టం మీద సంతకం చేశారు. రాష్ట్రాల మధ్య టపా అమ్మకం సామాన్యులకు నిలిచిపోయింది. విదేశీ సైనిక తుపాకుల దిగుమతీ ఆగిపోయింది.

ఆ చట్టమే సేకరించేవారికి ఒక వాకిలి కూడా ఉంచింది. 50 ఏళ్ళు దాటిన తుపాకులు తెప్పించుకోవటానికి సేకర్తల లైసెన్సు పుట్టింది. అది ఉన్నవాడు ఏ తుపాకి ఎప్పుడు, ఎవరి వద్ద కొన్నాడో, ఎవరికి ఇచ్చాడో లెక్క పుస్తకంలో వ్రాయాలి. 1898లోగాని అంతకు ముందుగాని తయారైనవి కేంద్ర చట్టం దృష్టిలో పురాతన వస్తువులు. తరువాత 1984లో సెనేటర్ డోల్ తెచ్చిన సవరణతో పాత సైనిక తుపాకుల దిగుమతికి మళ్ళీ దారి ఏర్పడింది. ఆ దారినే మన ఇండియా తుపాకులు ఇక్కడి గన్ షో బల్లల మీదికి విరివిగా చేరాయి.

ఇషాపూర్ ముద్ర

కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున ఇషాపూర్ అనే ఊరు ఉన్నది. అక్కడి రైఫిలు కార్ఖానాలో ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశాబ్దం నుండి .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు తయారయ్యాయి. రెండు ప్రపంచ యుద్ధాలలో భారత సైనికుడి భుజం మీద ఉన్నది ఆ రకపు రైఫిలే. బోల్టు ప్రక్కన ఇనుప పట్టీ మీద ముద్ర చూడండి. కిరీటం ఉండి, దాని క్రింద జి.ఆర్.ఐ. అని ఉంటే అది జార్జి చక్రవర్తి కాలపుది. అశోకుని సింహాలు, ఆర్.ఎఫ్.ఐ. అనే అక్షరాలు ఉంటే అది స్వతంత్ర భారతంలో చేసినది. 1962 చైనా యుద్ధం తరువాత అదే కార్ఖానావారు 7.62 తూటాకు తగినట్లు 2ఎ, 2ఎ1 అనే రైఫిళ్ళు చేశారు. 2ఎ1 వెనుక గురిపట్టీ మీద 2000 అనే అంకెకు బదులు 800 మీటర్లు ఉంటుంది. ఒక దేశం దాస్యం నుండి స్వాతంత్ర్యానికి నడిచిన దారిని రెండు మూడు తుపాకులు ప్రక్కప్రక్కన పెట్టి చూపవచ్చును.

ఆ బల్లల మీదనే మరొక వింత తుపాకి అప్పుడప్పుడు కనబడుతుంది. చూడటానికి .303 వలెనే ఉంటుంది గాని, మాగజైను ఉండవలసిన చోట కర్రదిమ్మ బిగించి ఉంటుంది. గొట్టం లోపల గాడులు తీసివేసి నున్నగా చేశారు. ఒక్కొక్క తూటా చేతితో పెట్టి కాల్చాలి. ఇది .410 మస్కెట్. పోలీసుల కోసం, జైలు కాపలావారి కోసం మార్చినది. మంచి రైఫిలును పనిగట్టుకొని తక్కువ రకం తుపాకిగా ఎందుకు మార్చారు? జవాబు ఆ దొరతనపు భయంలో ఉన్నది. 1857 తరువాత స్వదేశీ సిపాయికి తెల్ల సిపాయి తుపాకి కంటె ఒక తరం పాతది ఇవ్వటం వారి నీతి అయింది. కాపలా కాసే మన మనిషిని కూడా వారు పూర్తిగా నమ్మలేదు.

తుపాకి ఎవరిది?

1878లో లిట్టన్ ప్రభువు కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే భారతీయుడు ఆయుధం ఉంచుకోరాదు, యూరపువారికి మినహాయింపు. ఇటువంటిది అమెరికాలోనూ జరిగింది. 1865లో మిసిసిపి రాష్ట్రం, అప్పుడే బానిసత్వం నుండి విడుదలైన నల్లవారు అనుమతి లేకుండా తుపాకి పెట్టుకోరాదని శాసించింది. రెండు ఖండాలలో ఒకే తీరు ఆలోచన!

ఆ కాలంలో మన్యంలో ఏమి జరిగిందో మన పిల్లలకు చెప్పాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు తీసుకొనిపోయింది. ప్రాణాలు తీయటం ఆ దాడుల ఉద్దేశం కాదు, తుపాకులే కావలసినవి. ఏమేమి తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో వ్రాసి సంతకం చేశాడని నేటికీ చెప్పుకుంటారు. 1924 మే 7న ఆయనను పట్టుకొని కాల్చి చంపారు.

అంతకు ముందే అమెరికా పాత తుపాకులు మన దేశ స్వాతంత్ర్యం కోసం బయలుదేరిన కథ ఒకటి ఉన్నది. పసిఫిక్ తీరాన 1913లో గదర్ పార్టీ పుట్టింది. కనిగిరి ప్రాంతం నుండి చదువుకోసం కాలిఫోర్నియా వచ్చిన మన దరిశి చెంచయ్యగారు అందులో చేరి, తరువాత ఆంగ్లేయుల జైళ్ళలో మగ్గారు. తన కథను 'నేనూ నా దేశం' అనే పుస్తకంగా వ్రాశారు. యుద్ధకాలంలో జర్మనీ ప్రతినిధులు గదర్ వీరుల కోసం స్పెయిను యుద్ధం నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళు వేల సంఖ్యలో కొన్నారు. 1915లో శాన్‌డియేగో రేవు నుండి 'ఆనీ లార్సెన్' అనే తెరచాప ఓడ వాటితో బయలుదేరింది. మెక్సికో దగ్గరి దీవి వద్ద మరొక ఓడకు సరుకు అందించాలి. ఆ ఓడ సకాలానికి రాలేదు. చివరకు వాషింగ్టన్ రాష్ట్రంలోని హోకియం రేవులో అమెరికా అధికారులు సరుకంతా పట్టుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1917 నవంబరు నుండి 1918 ఏప్రిల్ వరకు విచారణ నడిచింది. ఆ తుపాకులు భారత తీరం చేరనే లేదు.

వేడుక, వివేకం

ఇంత బరువైన చరిత్ర ఉన్నా, పాత తుపాకి ఇచ్చే ఆనందాన్ని మేము కాదనము. ఒహాయోలోని కాంప్ పెర్రీలో 1907 నుండి జాతీయ పోటీలు జరుగుతున్నవి. పాత గరాండ్ రైఫిలుతో గురి చూసే పోటీకి తాతలు, మనుమలు కలిసి వస్తారు. డెన్మార్కు, గ్రీసు దేశాలకు ఇచ్చిన గరాండ్‌లు తిరిగి వచ్చిన తరువాత, ప్రజల గురి అభ్యాసం కోసం ఏర్పడిన సంస్థ వాటిని పౌరులకు అమ్మింది.

కొనేవారు కూరల సంతలో వంకాయ తిప్పి చూసినట్లు తుపాకిని తిప్పి చూడాలి. బోల్టు మీది అంకె, శరీరం మీది అంకె ఒకటేనా? గొట్టం లోపల త్రుప్పు ఉన్నదా? డి.పి. అనే అక్షరాలున్నవా? ఉంటే అది కవాతుకు మాత్రమే, కాల్చరాదు. ఏ పాత తుపాకినైనా మరమ్మతుదారుకు చూపించి కొలత వేయించిన తరువాతనే తూటా పెట్టాలి. మెరుగు పెట్టి ముద్రలు అరగదీస్తే వెలా పోతుంది, చరిత్రా పోతుంది. రాష్ట్రానికొక చట్టం ఉన్నది. కాలిఫోర్నియాలో 1991 నుండి ఇరుగుపొరుగుల మధ్య అమ్మకం కూడా లైసెన్సు ఉన్న వర్తకుని ద్వారా జరగాలి. తెలియని వానికి చేతికి చేయి అమ్మటం చట్టం ఒప్పిన చోట కూడా వివేకం కాదు.

మరొక మాట నొప్పి కలిగించినా చెప్పక తప్పదు. ఈ దేశంలో తుపాకి వల్ల పోయే ప్రాణాలలో సగానికి పైగా ఆత్మహత్యలే. మన ఇళ్ళలో మార్కుల బాధ, ఉద్యోగ బాధ, ఒంటరితనం బయటికి చెప్పుకొనే అలవాటు తక్కువ. కావున తుపాకి ఇనుప బీరువాలో తాళంలో ఉండాలి. తూటాలు వేరుచోట, వేరు తాళంలో ఉండాలి. ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేనప్పుడు తుపాకిని చట్టప్రకారం ఇల్లు దాటించి భద్రపరచటానికి మొగమాటపడకూడదు. వంద ముద్రలున్న తుపాకి అయినా బిడ్డ ప్రాణం కంటె గొప్పది కాదు.

సేకర్తలలో పెద్దవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. తరువాత అటక మీద, అలమరలో తుపాకి దొరికినప్పుడు పిల్లలకు అది ఏమిటో తెలియదు. భయపడి దాచిపెడతారు, లేదా వచ్చిన వెలకు వదిలించుకుంటారు. అందుచేత పెద్దలకు మా మనవి ఇది. మీ వద్ద ఉన్న ప్రతి తుపాకికీ ఒక కాగితం వ్రాసి పెట్టండి. ఎక్కడ తయారైనది, దాని మీద ఏ ముద్రలున్నవి, ఎవరి దగ్గర, ఏ సంవత్సరం కొన్నారు, మీ తరువాత ఎవరికి చేరాలి – ఇవన్నీ వ్రాయండి. వీలునామాలో చేర్చండి. వీలైతే తెలుగులో కూడా నాలుగు మాటలు వ్రాయండి. అది చదవటానికైనా మీ మనుమలు సాయంత్రపు తరగతికి వస్తారు.