ఎడ్వర్డ్ బర్న్ పేరు మీద

1999 జులై 23. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. టెక్సాస్‌లో ఐదు వేల జనాభా ఉన్న టులియా ఊళ్లో పోలీసులు తలుపులు బాదారు. ఒంటి మీద సరిగా బట్టలైనా లేనివాళ్లను బయటికి లాక్కొచ్చారు. ఎదురుగా టీవీ కెమెరాలు. నిందితులు 46 మంది, ఎక్కువమంది నల్లజాతివాళ్లే. కొకైన్ అమ్మారని ఆరోపణ. ఇళ్లు వెతికితే మత్తుమందు లేదు, డబ్బు లేదు, ఆయుధం లేదు.

సాక్షి ఒక్కడే, మారువేషంలో తిరిగిన పోలీసు టామ్ కోల్‌మన్. టేపులు లేవు, పక్కన మరో అధికారి లేడు. వివరాలు కాలి మీద రాసుకున్నానన్నాడు. జ్యూరీలు నమ్మాయి! పందులు పెంచుకుని బతికే ఒకాయనకు 90 ఏళ్ల శిక్ష పడింది. కోల్‌మన్‌కు టెక్సాస్‌లో ఉత్తమ పోలీసు అవార్డు వచ్చింది.

అతను పనిచేసింది ఆ ప్రాంతపు మాదకద్రవ్యాల నిరోధక దళం కోసం. ఆ దళాన్ని నడిపింది వాషింగ్టన్ నుంచి వచ్చే బర్న్ గ్రాంటు. ఎవరీ బర్న్? న్యూయార్క్‌లో 22 ఏళ్ల పోలీసు కుర్రాడు. డ్రగ్స్ ముఠా మీద ఫిర్యాదు చేసిన ఒక మనిషి ఇంటి ముందు, కారులో ఒంటరిగా కాపలా కాస్తుండగా 1988 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున ముఠావాళ్లు అతన్ని కాల్చి చంపారు. సాక్షిని కాపాడబోయి ప్రాణమిచ్చినవాడి పేరున్న సొమ్ము అబద్ధపు సాక్ష్యాన్ని పోషించింది. నాకు మింగుడుపడనిది ఇదే. స్థానిక పోలీసులకు ఫెడరల్ ప్రభుత్వం డబ్బివ్వడం తప్పు కాదు. కానీ ఆ డబ్బుకు లెక్క చెప్పేటప్పుడు చూపించడానికి అరెస్టుల సంఖ్యంత సులువైనది మరొకటి లేదు. అరెస్టయినవాడు నేరం చేశాడా అన్నది ఆ అంకెలో కనిపించదు.

నిందితుల్లో ఒకామెను బ్యాంకు కాగితం కాపాడింది. కోల్‌మన్‌కు కొకైన్ అమ్మిందన్న రోజున ఆమె వందల మైళ్ల దూరంలో, ఓక్లహోమా సిటీ బ్యాంకులో ఉంది. 2002లో ఆమె మీద కేసు కొట్టేశారు. మరుసటి ఏడాది మార్చిలో న్యాయమూర్తి ముందు కోల్‌మన్ మాటలు ఒకదానికొకటి పొసగలేదు. ఈ శిక్షలు నిలవవని ప్రభుత్వ న్యాయవాదులే ఒప్పుకున్నారు. ఆగస్టులో గవర్నర్ రిక్ పెర్రీ 35 మందికి క్షమాభిక్ష ఇచ్చాడు. అబద్ధపు సాక్ష్యానికి కోల్‌మన్‌కు 2005లో పడింది పదేళ్ల ప్రొబేషన్.

బాధితులకు 50 లక్షల డాలర్లిచ్చి దళాన్ని మూసేయడానికి 2004లో ఒప్పుకున్నది వాషింగ్టన్ కాదు, ఆ దళంలో భాగమైన అమరిల్లో నగరం.