నువ్వుగింజ కంటే చిన్న ఈగ.. మడ అడవుల్లో దొరికితే కొత్త జాతి అని ఎలా తేలుస్తారు? విశాఖకు ఇదెందుకు ముఖ్యం?

ఒకవైపు ఓడలు, క్రేన్లు, ఆయిల్ ట్యాంకులు.. మరోవైపు ఉప్పునీటి బురదలో పాతుకుపోయిన మడ చెట్లు. మేఘాద్రి గెడ్డ నీళ్లు విశాఖ పోర్టు వైపు సముద్రంలో కలిసే చోట ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ బురద మీద ముసురుకునే నుసిలాంటి ఈగల్ని ఎవరైనా చేత్తో తోలేస్తారు. శాస్త్రవేత్తలు మాత్రం ముందు ఒకటే అడుగుతారు.. దాని పేరేంటి? ఈ చిన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. జవాబు దొరక్కపోతే జరిగే నష్టం మాత్రం చిన్నది కాదు.

ఈగ అంటే ఇంట్లో ఈగ ఒక్కటేనా?

కాదు. చాలా కీటకాలకు నాలుగు రెక్కలుంటాయి. ఈగలకు రెండే. వెనక రెక్కల చోట చిన్న పుల్లల్లాంటివి ఉంటాయి, ఎగిరేటప్పుడు అవే బ్యాలెన్స్ చేస్తాయి. ఈ లెక్కన దోమ కూడా ఈగల వర్గంలోదే. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన ఈగల జాతులు సుమారు 1.6 లక్షలు. మన దేశంలో నమోదైనవి 6 వేలకు పైనే.

రాజమౌళి 'ఈగ' సినిమా 2012లో వచ్చింది. అదే ఏడాది థాయిలాండ్‌లో దొరికిన ఒక ఈగకు యూరీప్లాటియా ననక్‌నిహాలి అని పేరు పెట్టారు. దాని పొడవు 0.4 మిల్లీమీటర్లు. అప్పటిదాకా తెలిసిన ఈగలన్నింటిలో అదే చిన్నది. ఈ సైజులో ఉంటే కళ్ల ముందు తిరుగుతున్నా ఎవరికీ ఆనదు.

కొత్త జాతులు దట్టమైన అడవుల్లోనే దొరుకుతాయని అనుకుంటాం. 2015లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో, ఎక్కువగా ఇళ్ల పెరళ్లలో పెట్టిన వలల్లోంచి ఒకేసారి 30 కొత్త జాతుల ఈగలు బయటపడ్డాయి. అదీ పెద్ద ఓడరేవున్న మహానగరమే.

మడ అడవులపై ఎందుకంత ఆసక్తి?

మడ అడవుల్లో చెట్ల రకాలు తక్కువ. అందుకే పురుగుల రకాలు కూడా తక్కువే ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. సింగపూర్ కేంద్రంగా చేసిన పరిశోధన ఈ లెక్కను తలకిందులు చేసింది. 2021లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఒక్క సింగపూర్ మడ అడవుల్లోనే 3 వేలకు పైగా కీటక జాతులున్నాయి. అన్ని రకాల అడవుల్నీ పోల్చి చూస్తే, మడ అడవుల్లోని కీటకాల్లో సగానికి పైగా ఇంకెక్కడా కనిపించలేదు.

ఇవి చేసే పనులూ తక్కువేం కాదు. కొన్ని ఈగల పిల్లలు కుళ్లిన ఆకుల్ని తిని మట్టిలో కలుపుతాయి. పొడవు కాళ్లతో ఆకుపచ్చగా మెరిసే ఈగలు చిన్న పురుగుల్ని వేటాడతాయి, వాటిలో కొన్ని దోమ పిల్లల్నీ తింటాయి. చేపలకు, పక్షులకు ఈ పురుగులే మేత. కాకినాడ దగ్గర 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన కోరింగ అభయారణ్యానికైనా, విశాఖ పోర్టు పక్కన మిగిలిన మడ చెట్లకైనా ఇదే సూత్రం.

కొత్త జాతి అని తేల్చేది ఇలా..

1. పట్టుకోవడం: చెట్ల మధ్య చిన్న టెంట్ లాంటి వల కడతారు. ఎగురుతూ వచ్చి తగిలిన ఈగలు పైకి పాకి ఆల్కహాల్ సీసాలో పడతాయి. అభయారణ్యంలో అయితే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

2. వేరు చేయడం: ఒక్క సీసాలో వేల పురుగులు ఉండొచ్చు. వాటిని మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా విడదీస్తారు. ఎక్కువ టైమ్ తినేసేది ఈ పనే.

3. పోల్చడం: రెక్కల మీద గీతలు, కాళ్ల మీద వెంట్రుకలు, మీసాల ఆకారం చూస్తారు. పైకి ఒకేలా ఉన్న జాతుల్ని చాలావరకు పట్టించేది మగ ఈగ పొట్ట చివరి భాగం. దాని ఆకారం జాతిని బట్టి మారుతుంది. పాత పుస్తకాల్లోని వర్ణనలతో, మ్యూజియంలలో దాచిన నమూనాలతో సరిచూస్తారు. వందేళ్ల కింద వేరే దేశంలో ఎవరైనా దీనికి పేరు పెట్టి ఉంటే అది కొత్త జాతి కాదు.

4. డీఎన్ఏ: ఒక జన్యువులోని 658 అక్షరాల ముక్కను చదువుతారు. దుకాణంలో బార్‌కోడ్ లాంటిదన్నమాట. తేడా ఉందని ఇది చెబుతుంది. పేరు పెట్టే పని మాత్రం మనిషే చేయాలి.

5. పేరు, ప్రచురణ: జంతువుల పేర్ల లెక్క స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో తెచ్చిన పుస్తకంతో మొదలవుతుంది. పేరులో రెండు మాటలు ఉండాలి. ఒక్క నమూనాను ఆ పేరుకు శాశ్వత సాక్ష్యంగా నిర్ణయించాలి. వర్ణనను పరిశోధన పత్రికలో ప్రచురించాలి. అప్పుడే ఆ పేరు చెల్లుతుంది.

మన దేశంలో ఇంకో నిబంధన ఉంది. జీవవైవిధ్య చట్టం-2002 ప్రకారం కొత్త జాతిని ఎవరు కనిపెట్టినా ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలపాలి, నమూనాను అక్కడ జమ చేయాలి. జంతువుల విషయంలో అలాంటి సంస్థ 1916లో ఏర్పడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది, హైదరాబాద్‌లోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది.

పేరు తెలియకపోతే ఏమవుతుంది?

దీనికి జవాబు సికింద్రాబాద్‌లోనే ఉంది. మలేరియా దోమతో వస్తుందని నిరూపించడానికి రొనాల్డ్ రాస్ అక్కడ 1895లో దోమల్ని కోసి చూడటం మొదలుపెట్టారు. జాతుల పేర్లు ఆయనకు తెలియవు. బూడిద రంగువి, చారలవి అని తనకు తోచిన గుర్తులు పెట్టుకున్నారు. అవి మలేరియా మోసే రకాలు కావు. దాంతో చాలాకాలం ఫలితం రాలేదు. చివరికి రెక్కలపై మచ్చలున్న దోమలు దొరికాక, 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్టలో మలేరియా క్రిమి కనిపించింది. అవే అనాఫిలిస్ దోమలు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఏ దోమ ఏదో ముందే తెలిసి ఉంటే ఆ దారి చాలా దగ్గరయ్యేది.

విశాఖకు లింక్ ఏంటి?

దోమలు మామూలుగా మంచినీళ్లలో గుడ్లు పెడతాయి. అనాఫిలిస్ సుండైకస్ మాత్రం ఉప్పుటేరు నీళ్లలోనూ పెరుగుతుంది. మలేరియాను మోస్తుంది. 20వ శతాబ్దం మొదటి సగంలో తూర్పు తీరంలో బెంగాల్ నుంచి విశాఖ వరకు దీని ఉనికి నమోదైంది. విశాఖ పోర్టు కూడా ఉప్పుటేరు చిత్తడి నేలల్ని తవ్వి కట్టిందే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నిర్మించిన ఈ పోర్టు 1933లో మొదలైంది.

సుండైకస్ అంటే ఒకే జాతి అని దశాబ్దాల పాటు అనుకున్నారు. డీఎన్ఏ చూశాక అది ఒకే పోలిక ఉన్న జాతుల గుంపు అని తేలింది. ఆగ్నేయాసియా తీరంలో ఉన్నదానికి 2005లో అనాఫిలిస్ ఎపిరోటికస్ అని కొత్త పేరు పెట్టారు. కంటితో చూస్తే రెండూ ఒకటే. కానీ ఏది ఎక్కడ ఉంటుంది, ఏది ఎప్పుడు కుడుతుంది, ఏ మందుకు చస్తుంది అన్నవి విడివిడిగా తెలియాలంటే ముందు పేర్లు విడివిడిగా ఉండాలి.

పేరు పెట్టేలోపే చోటు పోతే?

పోర్టు, రిఫైనరీ, నేవీ, స్టీల్ ప్లాంట్.. విశాఖలో తీరం వెంట ప్రతి ఎకరానికీ గిరాకీ ఉంది. ఒక ప్రాజెక్టు వల్ల ఏం పోతుందో లెక్క వేసేటప్పుడు కాగితం మీద పేరున్న జీవులే కనిపిస్తాయి. పులి, తాబేలు, నీటిపిల్లి లెక్కలోకొస్తాయి. పేరు లేని ఈగ అక్కడ ఉన్నట్టు కూడా ఎవరూ రాయరు. అది పోయినా తెలియదు, అది తినే దోమ పిల్లలు పెరిగినా కారణం తెలియదు.

మీరేం చేయొచ్చు?

మడ అడవుల వైపు వెళ్లినప్పుడు వింత ఈగ కనిపిస్తే ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయండి. తేదీ, చోటు తప్పకుండా రాసి పెట్టండి. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో పెడితే తెలిసినవాళ్లు చూస్తారు. ఇంత చిన్న ఈగల్ని ఫొటోతో మాత్రమే తేల్చడం కష్టం, కానీ ఎక్కడ వెతకాలో పరిశోధకులకు అర్థమవుతుంది. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా ఏ పురుగునూ పట్టుకోవద్దు. పోర్టు, నేవీ నిషేధిత ప్రాంతాల్లో ఫొటోలు అస్సలు తీయొద్దు.