సువార్తమ్మ ఎత్తిన బిందె

కోనసీమలో నీటికి కొదువ లేదందురు. అయినను ఎవరు ఏ రేవున ముంచుకొనవలెనో నిర్ణయించిన కాలమును మన పెద్దలు ఎరుగుదురు. అందుచేత అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు కథ మనకు పరాయిది కాదు.

1985 జూలై 16న మాదిగపల్లెవారు త్రాగు చెరువును భూస్వాముల కుర్రవారు పాడుచేయుచుండగా పల్లె బాలుడొకడు వారించినాడు. వారు అతనిని కొట్టిరి. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ అడ్డుపడినది. తనపైకి దెబ్బ రాగా చేతిలోని బిందె ఎత్తినది. (ఆమె పేరు గమనించండి.) మరునాడు పల్లెపై దాడి జరిగి ఆరుగురు హతులైనారు. మిగిలినవారు చీరాల చేరి, తిరిగి ఆ ఊరికి పోక అక్కడే నిలిచినారు.

తరువాతి సంగతులు పుస్తకములలో ఉన్నవి. మన కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు ప్రభుత్వ న్యాయవాది పదవిని వదలివేసినారు. ఆ యేడే దళిత మహాసభ ఏర్పడినది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టము వచ్చినది. సుప్రీంకోర్టు తీర్పు మాత్రము 2008 వరకు రాలేదు!

ఇంతటికి మొదలు నీళ్లకు వచ్చిన ఒక స్త్రీ. మన సంఘ చరిత్రలలో దొరల పేర్లు, గుడి కట్టిన తేదీలు ఉన్నవి. రేవు కొరకు, నుయ్యి కొరకు నిలిచిన అవ్వల పేర్లు బాప్తిస్మపు రిజిస్టరు దాటి రాలేదు. అటువంటివారిని ఎరిగిన వృద్ధులు మీ పాస్టరుగారికి చెప్పి వ్రాయించవలెనని మా మనవి.