జైలూ మనమూ – 4: ఒకే జిల్లా, రెండు తీర్పులు

తెల్లాపూర్‌లో నేను అద్దెకుండే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, ఇళ్లలో పనిచేసి వెళ్లే అక్కల సంచులు వెతుకుతారు. నా సంచి ఎవరూ ముట్టుకోరు. ఊళ్లో మా అమ్మ కూడా అలాంటి సంచితోనే పనికి పోయేది.

మొన్న క్లాసులో జైళ్ల రద్దు ఉద్యమం గురించి చెబుతుంటే ఒక విద్యార్థి లేచాడు. "సార్, జైళ్లే వద్దంటే చుండూరు హంతకుల్ని ఏం చేద్దాం?" జవాబు చెప్పలేకపోయాను. ఈ భాగం ఆ ప్రశ్న కోసమే.

చుండూరు, 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పడానికి పదహారేళ్లు పట్టింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది.

అదే గుంటూరు జిల్లా చిలకలూరిపేట దగ్గర, 1993 మార్చి 8. దోపిడీకి బస్సెక్కిన ఇద్దరు దళిత యువకులు, చలపతిరావు, విజయవర్ధనరావు, పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది చనిపోయారు. ఆ ఘోరాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ వేగం చూడండి: 1995లో ఉరిశిక్ష, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేయడం. హక్కుల కార్యకర్తలు, రచయితలు పోరాడితే 1997 మార్చిలో ఆఖరి గంటల్లో ఉరి ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

అదే 1998లో ఏంజెలా డేవిస్, ఆమె సహచరులు బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో సదస్సు పెట్టి జైళ్ల రద్దు ఉద్యమానికి ఊపు తెచ్చారు. ఆమె అధ్యాపకురాలు, ఒకప్పటి ఖైదీ కూడా.

మనకూ అలాంటివాళ్లున్నారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ ఆ కొలువు వదిలి హక్కుల ఉద్యమంలోనే బతికారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లిన బొజ్జా తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" రాశారు. నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పిహెచ్‌డిలో ఆయన కవిత్వ సంపుటి "నది పుట్టిన గొంతుక" మీద పేజీలు నింపాను. ఈ పుస్తకాన్ని మాత్రం సాహిత్యం కాదని పక్కన పెట్టాను. లాకప్ ముందు నిలబడ్డ అమ్మకు అక్కరకొచ్చేది ఏది?

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకొస్తాను. శిక్ష అడగొద్దని చుండూరు తల్లులకు చెప్పే హక్కు నాకు లేదు. తారకం గారు కారంచేడు, చుండూరు బాధితుల కోసం కోర్టుల్లో కొట్లాడారు, లాకప్‌లో ఉన్నవాడి హక్కులూ రాశారు. ఆ రెండూ ఒకే పని. జైలు మనల్ని కాపాడుతుందన్న నమ్మకం మాత్రం నాకు 2014లోనే పోయింది. లోపల కూడా కులమే: ఖైదీలకు కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరు 3న!

మన పరిశోధన గేటు దగ్గర ఆ సంచి నుంచే మొదలవ్వాలి. మీ ఊరి నుంచి బెయిలు డబ్బుల్లేక లోపలున్నవాళ్లెవరో కనుక్కోండి. వచ్చే భాగం వాళ్ల గురించే.

జై భీమ్.