దాత దయ నుంచి ఉద్యోగ హక్కు దాకా: పరిశోధక వేతనాల కథ

ఆరోగ్య విషయాలు చెప్పుకొనే చోట ఉపకారవేతనాల చరిత్ర దేనికని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. మనం మింగే ప్రతి మాత్ర వెనుక, పిల్లలకు వేయించే ప్రతి టీకా వెనుక, ఎక్కడో ఒక పరిశోధకుడు కొన్నేళ్లపాటు తిండికీ అద్దెకూ వెతుక్కోకుండా నిశ్చింతగా పనిచేసిన కాలం ఉంటుంది. ఆ నిశ్చింతకు ఎవరో ఖర్చు పెట్టి ఉంటారు. అలా ఖర్చు పెట్టే పద్ధతి ఎలా మొదలైంది, ఎలా మారింది, మన కరవు సీమ పిల్లలకు అది ఎలా అందుతుంది అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా మన సంగతి చూద్దాం. పడగ విప్పిన పాములా కొండ నిలిచిన మన ఉరవకొండ చుట్టూ ఉన్న నేల వానకు మొహం వాచిన నేల. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. చెరువు ఎండితే బోరు, బోరు ఎండితే మరింత లోతు బోరు అన్నది మన అనుభవం. రాతిపొరల నడుమ చాలాకాలం నిలిచిన నీటిలో చాలాచోట్ల ఫ్లోరైడు కరిగి ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పట్టినట్లు మచ్చలు వస్తాయి, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది. ఇది దైవశాపమని మన పూర్వులు అనుకున్నారు. నీటి దోషమని శాస్త్రం చెప్పింది. మన దేశంలో ఈ వ్యాధి గురించిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది. అది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలను గురించినది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడు పీడిత ప్రాంతంలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని గుర్తించి, లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పల్లె బాధ శాస్త్రంగా మారాలంటే ఆ పల్లెకు వెళ్లి, కొలిచి, రాసే మనిషి కావాలి. ఆ మనిషికి శిక్షణ కావాలి, జీతం కావాలి.

ఇప్పుడు ఐరోపాకు వెళ్దాం. పరిశోధకుల శిక్షణకు, దేశాంతర ప్రయాణానికి నేడు ఐరోపా సమాఖ్య నడుపుతున్న ప్రధాన పథకం మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పేరు మీద ఉంది. ఆ పేరు పెట్టడం అలంకారం కోసం కాదు. 1867లో వార్సాలో పుట్టిన ఆమెకు సొంత ఊళ్లో విశ్వవిద్యాలయం తలుపులు మూసి ఉన్నాయి. రష్యా ఏలుబడిలో ఉన్న ఆ నగరంలో స్త్రీలకు ఉన్నత విద్య లేదు. అక్క పారిస్‌లో వైద్యం చదువుతుంటే, ఈమె ఇళ్లల్లో పిల్లలకు చదువు చెప్పే కొలువు చేసి డబ్బు పంపింది. అక్క నిలదొక్కుకున్నాక 1891లో తాను పారిస్ వెళ్లింది. 1893లో భౌతికశాస్త్ర పరీక్షలో మొదటి స్థానం సంపాదించినా, చదువు కొనసాగించే స్తోమత లేదు. అప్పుడు విదేశాల్లో చదివే పోలిష్ విద్యార్థులకిచ్చే అలెగ్జాండ్రోవిచ్ ఉపకారవేతనం, 600 రూబుళ్లు, ఆమెను నిలబెట్టింది. తర్వాత ఉక్కు అయస్కాంత ధర్మాలపై చేసిన పనికి సొంత సంపాదన రాగానే ఆమె ఆ మొత్తాన్ని తిరిగి చెల్లించింది. అది అప్పు కాదు, ఎవరూ అడగలేదు. మరో పేద విద్యార్థికి ఆ డబ్బు చేరాలన్నదే ఆమె ఉద్దేశం.

అదే కాలపు మన తెలుగు కథ యల్లాప్రగడ సుబ్బారావుది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసులో వైద్యం చదివి, ఉష్ణమండల వ్యాధుల అధ్యయనానికి అమెరికాలోని హార్వర్డుకు వెళ్లాలనుకున్నారు. ప్రభుత్వ సహాయం లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూత, మామగారు కూడబెట్టిన సొమ్ము, ఇవే ఆయన ప్రయాణానికి ఆధారం. అక్కడికి చేరాక ఆ డబ్బు చాలలేదు; ఆసుపత్రిలో రాత్రిపూట కింది స్థాయి ఊడిగం చేస్తూ చదువుకున్నారు. కండర శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద హార్వర్డులో పనిచేశారు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్, ఆరియోమైసిన్ వెలుగు చూశాయి. ఇంటిలో సోదరుణ్ణి స్ప్రూ వ్యాధి బలిగొన్న మనిషి, ఆ వ్యాధికి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం దాకా వెళ్లడం మామూలు సంగతి కాదు. నేడు గర్భిణులకు మన ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర ఆ పరంపరలోనిదే. ఆయన మాత్రం తిరిగి స్వదేశం చేరలేదు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. వెళ్లడానికి దాత దొరికాడు. తిరిగి రావడానికి దారి చూపే ఏర్పాటు ఆ రోజుల్లో లేదు.

తిరిగి వస్తే ఏమవుతుందో మరో తెలుగు వైద్యుడు చూపించారు. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డులో పరిశోధక పట్టా పొంది వెనక్కి వచ్చారు. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో పనిచేశారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ సంచాలకులయ్యారు, భారత వైద్య పరిశోధనా మండలికి నాయకత్వం వహించారు. 1956లో హిమాలయ పాదాల్లోని కాంగ్రా లోయలో ఆయన బృందం ఒక ప్రయోగం ప్రారంభించింది. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, పోల్చి చూడటానికి మరో ప్రాంతానికి మామూలు ఉప్పు సరఫరా చేసింది. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న చోట గొంతువాపు బాగా తగ్గింది. మీ వంటింట్లోని ఉప్పు పొట్లం మీద 'అయోడైజ్డ్' అన్న ముద్ర వెనుక ఆ లోయ ఉంది.

ఈ ముగ్గురి జీవితాలను పక్కపక్కన పెడితే ఒక విషయం తేటపడుతుంది. ఉపకారవేతనం టికెట్టు కొనడానికే సరిపోతే మనిషి ఒడ్డు చేరతాడు గాని నిలబడలేడు. బతుకు ఖర్చు, ఇంటివాళ్ల బాధ్యత, తిరిగి వచ్చే దారి కూడా అందులో ఉండాలి. ఐరోపా ఈ పాఠాన్ని నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది. జర్మనీలో ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ మరణించిన మరుసటి ఏడాది, 1860లో, ఆయన పేరిట పరిశోధకుల ప్రయాణాలకు నిధి ఏర్పడింది. 1925లో దానికి కొత్త రూపు వచ్చింది. యుద్ధానంతరం 1953లో మళ్లీ స్థాపించారు. దేశానికింతమంది అనే కోటా పెట్టుకోకపోవడం ఆ సంస్థ ప్రత్యేకత. ఆ తర్వాత ఐరోపా దేశాలన్నీ కలిసి 1990లలో పరిశోధకుల శిక్షణ, సంచారాల కోసం నడిపిన పథకానికి 1996 నుంచి మేరీ క్యూరీ పేరు చేరింది. 2014 నుంచి ఆమె పుట్టింటి పేరు స్క్లొడోవ్‌స్కాను కూడా చేర్చి పిలుస్తున్నారు. వార్సాలో చదువు దొరకని పిల్ల పేరు పూర్తిగా నిలబడటానికి అంత కాలం పట్టింది.

2005లో మరో మలుపు వచ్చింది. ఆ ఏడాది మార్చిలో ఐరోపా కమిషన్ పరిశోధకుల హక్కుల పత్రాన్ని ప్రకటించింది. పీహెచ్‌డీ చేస్తున్నవారితో సహా పరిశోధకులను వృత్తిదారులుగా గుర్తించాలనీ, న్యాయమైన జీతం, సామాజిక భద్రత ఉండాలనీ అందులో చెప్పారు. అంటే దాత దయగా మొదలైనది క్రమంగా ఉద్యోగ హక్కుగా మారసాగింది. నేడు మేరీ క్యూరీ పథకంలో చేరినవారు ఆతిథ్య సంస్థతో ఉద్యోగ ఒప్పందం చేసుకుంటారు. నెల జీతంతో పాటు దేశం మారినందుకు ప్రత్యేక భత్యం, కుటుంబం ఉంటే కుటుంబ భత్యం ఇస్తారు. పెళ్లయితే చదువు ఆగిపోతుందని భయపడే మన ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

ఈ పథకంలో మన పిల్లలకు ముఖ్యమైన దారులు రెండు. ఒకటి పీహెచ్‌డీ చేయాలనుకొనేవారికి. అనేక విశ్వవిద్యాలయాలు, సంస్థలు కలిసి ఒక సమస్య మీద ఏర్పరచుకున్న బృందాలు ఖాళీలను ప్రకటిస్తాయి; ఉద్యోగానికి పెట్టుకున్నట్లే దరఖాస్తు పెట్టాలి. అప్పటికే డాక్టరేటు ఉండకూడదు. రెండోది పీహెచ్‌డీ పూర్తయినవారికి. పట్టా వచ్చిన ఎనిమిదేళ్ల లోపు పరిశోధనానుభవం ఉన్నవారు, ఐరోపాలో ఒక మార్గదర్శిని ఎంచుకొని, ఇద్దరూ కలిసి ప్రతిపాదన రాయాలి. వృత్తిలో వచ్చిన విరామాలను ఆ ఎనిమిదేళ్ల లెక్కలో కలపరు. రెండింటికీ ఒక నియమం ఉమ్మడి: వెళ్లదలచిన దేశంలో గత మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదు. ఏ దేశస్థులైనా అర్హులే. ఐరోపాయేతరుల్లో ఈ అవకాశాన్ని ఎక్కువగా అందుకుంటున్నవారిలో భారతీయులు ముందు వరుసలో ఉన్నారు.

పోటీ తీవ్రమైనదన్న సంగతి దాచను. 2024లో పీహెచ్‌డీ అనంతర విభాగానికి 10,360 దరఖాస్తులు వస్తే 1,696 మందికి లభించింది. అంటే ఆరుగురిలో ఒకరికి. ఒకసారి రాకపోతే తెలివి లేనట్లు కాదు. విత్తిన ప్రతిసారీ పండదని వేరుశనగ రైతు బిడ్డలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

దేశం విడిచి వెళ్లలేనివారికి కూడా ఐరోపా సొమ్ము దగ్గరలోకే వచ్చింది. ఔషధ వ్యాపారి హెన్రీ వెల్‌కమ్ 1936లో మరణించినప్పుడు ఆయన వీలునామా ప్రకారం లండన్‌లో ఒక ధర్మనిధి ఏర్పడింది. ఆ నిధి, మన కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2008లో ఇండియా అలయన్స్‌ను స్థాపించాయి. దాని కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. భారతదేశంలోనే ఉండి వైద్య, ప్రజారోగ్య పరిశోధన చేసేవారికి అది ఫెలోషిప్‌లు ఇస్తుంది. వైద్యులకు ప్రత్యేక విభాగం ఉంది. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం మూడో దశను ఆమోదించింది. మొత్తం 1,500 కోట్ల రూపాయల్లో 1,000 కోట్లు మన ప్రభుత్వానివి, 500 కోట్లు వెల్‌కమ్‌వి.

ఐరోపా పరిశోధక నిధులు మన పల్లెల్లో ఏం చేయగలవో చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఐరోపా పరిశోధన మండలి నిధులతో బార్సిలోనాలోని ఐఎస్‌గ్లోబల్ సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాదు సమీప గ్రామాల్లో గాలి కాలుష్యాన్ని, వంట పొగను కొలిచి, వాటికీ గుండె, ఎముకల ఆరోగ్యానికీ సంబంధాన్ని పరిశీలించారు. 2020లో ప్రకటించిన ఫలితంలో, సూక్ష్మ ధూళి ఎక్కువ ఉన్నచోట ఎముకల సాంద్రత తక్కువగా కనిపించింది. ఇలాంటి ప్రశ్నలు మన సీమకు కూడా ఉన్నాయి. ఫ్లోరైడు నీరు, ఎండదెబ్బ, మగ్గం గుంతలో రోజంతా వంగి కూర్చొనే నేతన్న నడుము నొప్పి, బాలింతల రక్తహీనత. వీటిని అడిగేవారు ఈ ఊళ్ల నుంచే రావాలని నా కోరిక. నొప్పి ఎక్కడుందో ఇంటి మనిషికి తెలిసినంతగా చుట్టానికి తెలియదు.

ఇక తిరుగు దారి. విదేశాల్లో పనిచేస్తున్న మన శాస్త్రవేత్తలు వెనక్కి వచ్చి ఇక్కడి సంస్థల్లో నిలదొక్కుకొనేందుకు బయోటెక్నాలజీ శాఖ ఒక ఫెలోషిప్ ఇస్తోంది. దానికి పెట్టిన పేరు రామలింగస్వామిది. సుబ్బారావుగారి కాలంలో లేని ఏర్పాటు ఇప్పుడు ఉంది; దానికి తిరిగి వచ్చిన తెలుగు వైద్యుడి పేరే ఉంది.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, అనంతపురం జేఎన్‌టీయూలోనో, కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో మీ ఇంటి పిల్లలు చదువుతుంటే ఈ నాలుగు మాటలు చెప్పండి. ఐరోపా ఖాళీలన్నీ యూరాక్సెస్ అనే అధికారిక వేదికలో ఉచితంగా కనిపిస్తాయి. మేరీ క్యూరీ దరఖాస్తుకు రుసుము లేదు. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారిని నమ్మవద్దు, పొలం తాకట్టు పెట్టవద్దు. ఎంఎస్సీ మొదటి ఏడాది నుంచే ఒక చిన్న పరిశోధన చేసి రాయడం అలవాటు చేసుకోవాలి. ఆంగ్లం తడబడుతుందని సిగ్గుపడకుండా రోజూ రాయాలి. ఇతర ఐరోపా భాషలు నేర్చుకోవాలంటే అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ నడుపుతున్న విదేశీ భాషల పాఠశాల ఉంది. 1969లో అనంతపురం వచ్చి స్థిరపడిన బార్సిలోనా మనిషి విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన సంస్థ అది.

సహాయం పొంది పైకి వచ్చినవారికి చివరి మాట ఒకటి. మీకు అందిన మొత్తాన్ని ఎవరూ తిరిగి అడగరు. మేరీ క్యూరీనీ ఎవరూ అడగలేదు. అయినా మీ ఊరి బడిలో ఇంకొక పిల్లకు దరఖాస్తు రాయడం నేర్పండి, మీ ఊరి నీటిని పరీక్ష చేయించండి. ఆ 600 రూబుళ్ల బాకీ అలా తీరుతుంది.