కుక్కల్లో రక్తస్రావ రుగ్మతలు: కారణాలు

కుక్కకు గాయమేదీ లేకుండానే ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం కారడం, మూత్రంలో రక్తం పడటం, పొట్ట చర్మం మీద ఎర్రని చుక్కలు తేలడం ఈ రుగ్మతల ప్రధాన లక్షణాలు. చర్మం మీది చుక్కలు సాధారణంగా ప్లేట్‌లెట్ల లోపాన్ని సూచిస్తాయి. రక్తం కీళ్లలోనో ఛాతీలోనో చేరితే గడ్డకట్టించే కారకాల లోపాన్ని అనుమానిస్తారు. ఈ విభజన అన్నిసార్లూ కుదరదు.

ఉష్ణదేశాల్లో ముందుగా అనుమానించవలసింది పిడుదుల (గోమార్ల) వల్ల వచ్చే ఎర్లిఖియోసిస్. దీనికి కారణమైన ఎర్లిఖియా కేనిస్‌ను 1935లో అల్జీరియాలో డొనాటియన్, లెస్టొకార్డ్ వర్ణించారు. అప్పటి పేరు రికెట్సియా కేనిస్. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లు, పెద్దసంఖ్యలో చనిపోయాక పరిశోధన ఊపందుకుంది. మృతుల లెక్క ఒక్కో మూలంలో ఒక్కో విధంగా ఉన్నా వందకు తగ్గదనడం సబబు. ఈ వ్యాధిలో ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతాయన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి: అవి వాపెక్కిన రక్తనాళాల్లో ఖర్చవుతాయని కొందరు, ప్లీహంలో చిక్కుకుంటాయని కొందరు అంటారు. తొలిదశ వరకు రోగనిరోధక వ్యవస్థే వాటిని నాశనం చేస్తుందన్న వాదన బలమైనదిగా కనిపిస్తుంది. వ్యాధి ముదిరితే ఎముక మజ్జ కూడా దెబ్బతింటుంది. సంఖ్య మరీ పడిపోకున్నా ముక్కు నుంచి రక్తం కారే కుక్కలున్నాయి కాబట్టి ప్లేట్‌లెట్ల పనితీరూ చెడుతుందనుకోవాలి. చికిత్స డాక్సీసైక్లిన్, సాధారణంగా 28 రోజులు. అదే పిడుదు బేబీసియా అనే పరాన్నజీవినీ మోస్తుంది గనుక రెండూ కలిసి రావచ్చు.

ఎలుకల మందు మరో ముఖ్య కారణం. బ్రోమడయోలోన్ వంటి మందులు గడ్డకట్టించే కారకాలకు అవసరమైన విటమిన్ కె పునర్వినియోగాన్ని అడ్డుకుంటాయి. కారకాలన్నింటిలో ఏడోది త్వరగా, కొన్ని గంటల్లోనే, తరిగిపోతుంది; అందుకే పరీక్షల్లో ప్రోత్రాంబిన్ సమయం ముందుగా పెరుగుతుంది. కుక్క మాత్రం మూడు నుంచి అయిదు రోజులదాకా మామూలుగానే తిరుగుతుంది. యజమాని మందు సంగతి మరిచిపోయాక దగ్గు, ఆయాసం మొదలవుతాయి. విటమిన్ కె1ను సాధారణంగా వారాలపాటు ఇవ్వాలి. ఒక్క ఇంజెక్షన్‌తో ఆపేయడం ప్రమాదం.

పుట్టుకతో వచ్చేవాటిలో డాబర్‌మన్‌లలో కనిపించే వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి ముఖ్యం; తరచు శస్త్రచికిత్సప్పుడే బయటపడుతుంది. హీమోఫిలియా ఎక్కువగా మగకుక్కల్లో వస్తుంది.

పల్లెల్లో, పొలాల దగ్గర తిరిగే కుక్కల్లో రక్తపింజరి కాటును మరువరాదు. శుభ్రమైన గాజు గొట్టంలో తీసిన రక్తం 20 నిమిషాల తర్వాతా గడ్డకట్టకపోతే ఆ అనుమానం బలపడుతుంది. కాలేయం చెడటం, కొన్ని కణుతులు కూడా కారణాలే.

గ్రేహౌండ్‌లలో ప్లేట్‌లెట్లు సహజంగానే తక్కువ. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌లలో అవి పెద్దవిగా ఉండటంతో యంత్రం తక్కువ లెక్క చూపవచ్చు. సంఖ్య పడిపోయిందని నిర్ధారించే ముందు రక్తపు స్లయిడును సూక్ష్మదర్శినిలో చూడటం తప్పనిసరి.