సమాధుల తోట : మన ప్రాంతములో భూస్థాపన సేవ

శతవార్షిక సంచికలలో దేవాలయములను గూర్చి, బడులను గూర్చి వ్రాయుట మనకు అలవాటు. సమాధుల తోటను గూర్చి వ్రాయువారు అరుదు. సంఘములోని ప్రతి కుటుంబము కన్నీటితో వెళ్లివచ్చిన స్థలము అదే గనుక ఈ నాలుగు మాటలు దానిని గూర్చి వ్రాయుచున్నాను.

పాశ్చాత్య దేశములలో అంత్యక్రియలు జరిపించు సంస్థలు తరతరములుగా నడచినవి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కిర్క్ అండ్ నైస్ అను సంస్థ తన ఆరంభము 1761 అని చెప్పుకొన్నది. వీటికి మూలము వడ్రంగి కొట్టు. బల్లలు చేయువాడే శవపేటికయు చేసి, పిమ్మట బండియు సమకూర్చెను. 1861-65 అంతర్యుద్ధములో దూరమున మరణించిన సైనికులను ఇండ్లకు చేర్చుటకై దేహమును మందులతో భద్రపరచు పద్ధతి ప్రబలెను. 1865లో లింకను దేహము రైలులో స్ప్రింగ్‌ఫీల్డు చేరినది అట్లే.

మన పల్లెలలో ఆ పనియంతయు సంఘమే చేసెను. కబురు పంపుట, పెట్టె చేయించుట, గుంత త్రవ్వుట, ఆ రాత్రి ఆ ఇంటివారికి అన్నము వండి పంపుట, అన్నియు. భూస్థాపన పరదేశపు ఆచారమని కొందరందురు, అది సరికాదు. జహీరాబాదు, బీదరు ప్రాంతములలో లింగాయతులు తమవారిని కూర్చుండబెట్టి పాతిపెట్టుదురు. మాల మాదిగ వాడలకు బొందలగడ్డ క్రొత్తది కాదు.

క్రొత్తదేమనగా గౌరవము. ఊరివారి చావులకు డప్పు కొట్టుట, చావు కబురు మోయుట మనవారికి వెట్టి. ప్రభువును నమ్మిన తరువాత అనేక స్థలములలో వారు ఆ వెట్టిని నిరాకరించి దెబ్బలు తినిరి. ఇతరుల చావులను మోసిన భుజములు తమ వారిని కీర్తనలతో మోసినవి. మన చరిత్రలో ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు ఫోను చేసిన గంటలో ఫ్రీజరు పెట్టె, వ్యాను వచ్చును. వేసవిలో, దూరపు బిడ్డలు రావలసినప్పుడు, అది మేలే. స్థలమును మాత్రము ఏ వ్యానును తేలేదు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరులో ఒక పాస్టరు 2025 జనవరి 7న మరణింపగా, స్వగ్రామములో పాతిపెట్టుటకు ఊరివారు అడ్డుపడిరి. దేహము దాదాపు మూడు వారములు శవాగారములో నుండెను. జనవరి 27న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు భిన్నాభిప్రాయములు తెలిపి, తుదకు ఇరువది కిలోమీటర్లకు పైబడిన కర్కాపాలులో పాతిపెట్టుమనిరి. తండ్రిని తన పొలములోనైనను పెట్టుకొందునని కుమారుడు వేడినను జరుగలేదు.

అబ్రాహాము ఈ సంగతి ముందే ఎరిగినవాడు. శారా మృతిబొందినప్పుడు హేతు కుమారులు స్థలము ఊరకనే ఇత్తుమనిరి. ఆయన ఒప్పుకొనక, నాలుగు వందల తులముల వెండి తూచి, ఊరి గవినియొద్ద సాక్షులయెదుట మక్పేలా పొలమును, గుహను, చెట్లను సహా తన పేర స్థిరపరచుకొనెను. మన పెద్దలలో అనేకులు దొర మాటను, పటేలు మాటను నమ్మి ఊరకుండిరి.

జహీరాబాదు చుట్టు భూమి విలువ మారినది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో పారిశ్రామిక మండలి కొరకు 12,635 ఎకరములు నిర్ణయించిరి. శ్మశానములు రాజ్యాంగము ప్రకారము రాష్ట్ర ప్రభుత్వపు విషయము. కావున అర్జీ తహశీలుదారు నుండియే మొదలు కావలెను. సర్వే నంబరు, పాత పహాణీ నకలు, హద్దురాళ్ల కొలత, ఈ మూడును సంఘ పెద్దలు ఈ సంవత్సరమే తెచ్చి సంఘపు పెట్టెలో భద్రపరచవలెనని నా మనవి.